పింగాణీ మూతగిన్నె రాకపోకలు

ఆ ఆదివారం దేవదానం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున చర్చిలో ప్రార్థన అయిపోగానే సికింద్రాబాద్ బస్సెక్కాలి, ఇంజనీరు రామలింగేశ్వరరావు ఇంటికి ఒక మంచి వస్తువు కొనాలి, సాయంత్రం ఇచ్చేసి రావాలి. పటాన్‌చెరు దగ్గర యంత్రాల ఫ్యాక్టరీలో అతను ఏళ్ళ తరబడి డైలీ లేబరు. ఆ ఏడు ఒక్క పర్మనెంటు పోస్టు వచ్చింది. అది ఎవరికివ్వాలో రాసేది రామలింగేశ్వరరావు. ఆ పెద్దమనిషి ఈ మధ్యనే కంపెనీ క్వార్టర్లో పాలు పొంగించాడు. కొత్త ఇంటికి కానుక ఇస్తే లంచమని ఎవరూ అనరు. లంచానికి ఈ దేశంలో ముహూర్తాలు బోలెడు.

ఏం కొనాలో చెప్పింది లింగం. పక్కింటివాడు, ఫ్యాక్టరీలో పర్మనెంటు, కనుక అన్నీ తెలిసినవాడు.

"సారు ఇంటికాడ లారీ మీదికెల్లి డబ్బా దించంగ నేనే సూసిన. కరెంటు ఓవెన్ అది. మేడమ్ అండ్ల కేకులు గిట్ల చేస్తదేమో. దాంట్ల పెట్టే గిన్నె తీస్కపో, దిల్ ఖుష్ అయితది."

సికింద్రాబాద్‌లో షాపువాడు ముందు ఊరగాయ జాడీ చూపించాడు. తర్వాత సబ్బు పెట్టుకునే పెట్టె చూపించాడు. దేవదానానికి ఓవెన్ అంటేనే సరిగా తెలియదు, దాని గిన్నె ఎట్లా ఉంటుందో ఏం చెబుతాడు?

"వేడికి పగలొద్దు సేటూ. సూస్తే పెద్దింటి సామాను లెక్క ఉండాలె."

షాపువాడు పై అరలోంచి తెల్లని పింగాణీ గిన్నె దించాడు. కోడిగుడ్డు ఆకారం, చుట్టూ నీలం పూలు, లోపల అడుగున ఇంకో నీలం పువ్వు, నెత్తిన బొడిపె ఉన్న మూత.

"అసలీ మాల్ భాయ్. దీంట్ల కోడిని పండవెట్టి మూతేసి కాలుస్తరు."

"మా సారు కోడి తినడు."

"అయితే ఆలుగడ్డను పండవెట్టమను."

ఇంటికి తెచ్చాక భార్య సౌభాగ్యమ్మ మూత ఎత్తింది, దించింది, మళ్ళీ ఎత్తింది. "గిన్నె మంచిగనే ఉంది. గని ఖాళీ గిన్నె తీస్కపోతవా కొత్తింటికి?"

"గిన్నెనే కానుక గదనే!"

"ఏదైతేంది? మా అవ్వ సచ్చేదాంక ఖాళీ గిన్నెను గడప దాటనియ్యలే."

నిండా భక్షాలు పెట్టి, పైన నెయ్యి రాసి పంపింది. క్వార్టరు తలుపు తీసిన మేడమ్ చేతుల్లో గిన్నె పెట్టి, దేవదానం నమస్కారం పెట్టి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా పారిపోయి వచ్చాడు. పెద్దవాళ్ళ ముందు నోరు పెగలకపోవడం అతనికి పుట్టుకతో వచ్చిన సొత్తు.

మర్నాడు సాయంత్రం క్వార్టర్ల వాచ్‌మన్ గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో అదే గిన్నె. తళతళలాడేలా కడిగి ఉంది. లోపల పులిహోర.

"కానుక వాపస్ చేసిండే! నా పోస్టు గల్లంతు!" దేవదానం గోడకు చేరగిలబడ్డాడు.

"వాపసూ లేదు, పాడూ లేదు. భక్షాలే కానుక, గిన్నె మనదనుకున్నరు. కడిగి, ఉత్తగ ఇయ్యొద్దని పులిహోర పెట్టి పంపిన్రు. పోయి సారుకు చెప్పు," అని సౌభాగ్యమ్మ ఓ ముద్ద నోట్లో వేసుకుంది. "చింతపండు జెర ఎక్కువైంది."

దేవదానం చెప్పడానికే వెళ్ళాడు.

"సార్... ఆ గిన్నె..."

"అందిందా? పగల్లేదు కదా? ఖరీదైన సామానులా ఉందయ్యా, మా ఆవిడ బిక్కుబిక్కుమంటూ కడిగింది," అన్నాడు రామలింగేశ్వరరావు.

'అది మీదే సార్' అనాలి. అంటే, అంత పెద్ద మనిషికి మర్యాద తెలియలేదని మొహం మీద చెప్పినట్టే. పర్మనెంటు కావలసినవాడు ఆ పని చేస్తాడా?

"అందింది సార్," అన్నాడు.

పులిహోర తిన్న ఇల్లు ఊరికే ఉండదు. సౌభాగ్యమ్మ గర్జెలు చేసి అదే గిన్నెలో పంపింది. గిన్నె అక్కడే ఉండిపోతుందని దేవదానం ఆశ. అది సున్నుండలతో తిరిగొచ్చింది. సకినాలు వెళ్ళాయి, గోంగూర పచ్చడి వచ్చింది. రెండు స్టాపుల మధ్య తిరిగే బస్సులా గిన్నె ఎక్కడా ఆగలేదు. దేవదానం ఇంట్లో నూనె అడుగంటింది. క్వార్టర్లో మేడమ్ గేటు చప్పుడైతే ఉలిక్కిపడడం మొదలుపెట్టింది. ఎవరు ఎవరికి ఏం ఇస్తున్నారో, ఎందుకిస్తున్నారో ఎవరికీ అర్థం కాలేదు.

మళ్ళీ లింగమే దారి చూపాడు. "పిచ్చోడా, నింపి ఇచ్చుడే నీ తప్పు. ఖాళీగ ఇయ్యి. లోపల ఏం లేకపోతే గిన్నెనే ఇచ్చిండని సమజైతది."

సౌభాగ్యమ్మ చర్చి స్త్రీల కూటానికి వెళ్ళిన పూట చూసి దేవదానం ఖాళీ గిన్నె పట్టుకుపోయాడు. మేడమ్ మూత ఎత్తింది. లోపల ఏమీ లేదు. ఒకసారి గిన్నెను చూసింది, ఒకసారి దేవదానం చిరుగుల చొక్కాను చూసింది. ఆమె కళ్ళు చెమర్చాయి.

"ఇంట్లో ఇబ్బందైతే నోరు తెరిచి అడగాలయ్యా. మొహమాటం దేనికి?"

గిన్నె నిండా బియ్యం పోసింది. కందిపప్పు పొట్లం కట్టింది. పైన రామలింగేశ్వరరావు పాత ప్యాంటు మడతపెట్టి చేతికిచ్చింది. దేవదానం "అది గాదమ్మా" అన్నాడు. "ఇంకోటి కూడా ఉందిలే," అని రెండో ప్యాంటు తెచ్చింది.

ఆ ప్యాంట్లు చూసి సౌభాగ్యమ్మ ఇల్లెగిరిపోయేట్టు అరిచింది. "మనం అడుక్కతినేటోళ్ళమైతిమి గదా! ఇగ నువ్వు మాట్లాడకు. నేనే పోత."

ఆమె బగారన్నం వండింది. వాసనకు లింగం రెండుసార్లు నిప్పు అడగడానికి వచ్చాడు. గిన్నెలో అన్నం, పైన రెండు ప్యాంట్లు పెట్టుకుని ఆమె ముందు, దేవదానం వెనక.

"అమ్మా, మీ ప్యాంట్లు మీరే ఉంచుకోన్రి. మేం లేక రాలే. ఈ గిన్నె మీదే. కొత్తింటికి, మీ ఓవెన్‌ల పెట్టుకోను తెచ్చిండు ఈయన. చెప్పనీకి నోరు రాక ఇన్ని దినాలు తిప్పలపెట్టిండు."

మేడమ్ నోరు తెరిచింది. "ఓవెనా? మా ఇంట్లో ఓవెన్ ఎక్కడిదమ్మా? ఆ డబ్బాలో వచ్చింది కుట్టుమిషను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు మేడమ్ నవ్వింది, తర్వాత సౌభాగ్యమ్మ. దేవదానం నవ్వాలో వద్దో తెలియక తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఇంతలో లోపల్నుంచి రామలింగేశ్వరరావు వచ్చాడు. వాసనే అతన్ని లాక్కొచ్చింది. నిలబడే ఒక ముద్ద తిన్నాడు. కూర్చుని ఇంకో ముద్ద తిన్నాడు. గిన్నె అడుగున నీలం పువ్వు కనబడేదాకా ఆపలేదు.

"దేవదానం! ఆ పోస్టు ఎవరికని రోజూ తల పగలగొట్టుకుంటున్నానయ్యా."

దేవదానం తలుపు వదిలి ముందుకొచ్చాడు. "సార్!"

"కాంటీన్ తిండి బాగాలేదని మొన్న వర్కర్లంతా కంచాలు పట్టుకొని నా జీపుకి అడ్డం కూర్చున్నారు. ఈ పోస్టు కాంటీన్‌కి రాసేస్తాను. రేపే మీ ఆవిణ్ణి పంపు."

"మరి నా సంగతి సార్?"

"ఇంటికి ఒకటే పర్మనెంటు ఉద్యోగమని కంపెనీ రూలు. ఇక నీకిచ్చే వీల్లేదు. అయినా నీకు కావలసింది ఇంట్లో ఒకరు పర్మనెంటవడమే కదయ్యా!"

గిన్నెను మేడమ్ కడిగి అద్దాల బీరువాలో పెట్టింది. మర్నాడు పొద్దున సౌభాగ్యమ్మ కంపెనీ బిళ్ళ మెడలో వేసుకుని పెద్ద గేటులోంచి లోపలికి పోయింది. దేవదానం డైలీ లేబరు వరుసలో, ఎండలో నిలబడి, తన పేరు పిలిచేదాకా అటే చూశాడు.

ఇప్పుడు ఆ ఇంట్లో వంట దేవదానమే చేస్తున్నాడు. ఉప్పు ఎక్కువైందని పర్మనెంటు మనిషి సణుగుతూ తింటోంది.