ముప్ఫై ఆరు బల్లలు, ఒక పాయింటరు

ఆ ఉదయం లెక్కల మాస్టారి పథకం చాలా చిన్నది. పదింటి పరీక్షకు, కంప్యూటర్లో తన ప్రోగ్రాంతో వేసిన సీట్ల పట్టిక ప్రకారం బల్లలకు నంబర్లు అంటించాలి. అది చూసి ప్రిన్సిపాల్ సి ప్రోగ్రామింగ్ క్లాసు తనకు ఇవ్వాలి. లేకపోతే వచ్చే వారం నుంచి రికార్డు గదిలో దుమ్ము దులపడమే. ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన మనిషికి ఆ ఊహే మింగుడుపడలేదు. అందుకే నెల రోజులుగా కూతురి దగ్గర, కంప్యూటర్లో ఏది ఎక్కడుందో చూపే పాయింటర్లు నేర్చుకుంటున్నారు. అర్థమైన చోటా, కాని చోటా ఒకేలా తలూపారు.

ఆరు వరసలు, వరసకు ఆరు బల్లలు. పట్టిక నిన్న సాయంత్రమే బోర్డుకెక్కింది. కాపలా ఉండే లెక్చరరు మాత్రం కిటికీ వైపు నుంచి చదువుకునే పట్టిక కావాలన్నాడు. అడ్డ వరసల్ని నిలువు వరసలు చేస్తే సరి. అసలుది చెడకూడదని మాస్టారు దానికో పాయింటరు పెట్టి, కాపీ అయిందనుకుని, ఆ కాపీని తిప్పారు. తర్వాత అసలు పట్టిక నుంచి బల్లలకు అంటించాల్సిన విద్యార్థుల నంబర్లు ప్రింటు తీసి, చూడకుండానే అటెండరు చేతికిచ్చారు.

పావు తక్కువ పదికి హాల్లో గోల మొదలైంది. ఆరుగురు తప్ప అందరి చోట్లూ మారిపోయాయి. ఒక విద్యార్థి మాస్టారి దగ్గరికి వచ్చాడు.

"నిన్న బోర్డు మీద నాది మూడో వరస సార్. నాకా బల్లే కావాలి."

మాస్టారు పరుగున వెళ్లి అసలు పట్టికను వెనక్కి తిప్పారు. చూస్తే కిటికీ వైపు కాపీ కూడా వెనక్కి తిరిగిపోయి ఉంది. దాన్ని మళ్లీ తిప్పి సరిచేశారు. మళ్లీ ప్రింటు, మళ్లీ జిగురు. అటెండరు చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"సార్, అంటించిన నంబర్ల మీదే మళ్లీ అవే నంబర్లు అంటించాను. ఇది దేనికండీ?"

మాస్టారు కూతురికి ఫోన్ చేశారు.

"నాన్నా, నువ్వు కాపీ చెయ్యలేదు. ఒకే ఇంటికి రెండో తాళంచెవి చేయించావు. ఏ తాళంచెవితో వెళ్లి సామాను సర్దినా ఇల్లు ఒకటేగా?"

"మరి రెండో ఇల్లు కట్టడం ఎలాగమ్మా?"

"సాయంత్రం కడదాం. ముందెళ్లి తప్పు ఒప్పుకో."

కాళ్లీడ్చుకుంటూ వెళ్లేసరికి ప్రిన్సిపాల్ హాల్లోనే ఉన్నారు. "పొరపాటు నాదేనండి," అన్నారు మాస్టారు. ప్రిన్సిపాల్ వినలేదు. నిన్న బోర్డు మీద తనకు పడిన బల్లలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టిన ఒక విద్యార్థిని చూస్తున్నారు.

"ఏం వెతుకుతున్నావ్?"

"పెన్ను సార్."

"నువ్విప్పుడే వచ్చావు. పెన్ను నీకన్నా ముందొచ్చిందా?"

బల్లలన్నీ వెతికించారు. ఇరవై మూడింట్లో నిన్న బోర్డు చూసి దాచిన చీటీలు దొరికాయి. చోటు మారని ఆరుగురూ అంత బుద్ధిగా ఎందుకు కూర్చున్నారో కూడా తేలిపోయింది.

"సాయంత్రం ఒకటి చూపించి, పొద్దున తిప్పేశారా? భలే ఎత్తు వేశారండీ."

"కాదండి, అది పాయింటరు..."

"ఆ పాయింటరే పిల్లలకు చెప్పండి. క్లాసు మీదే."

మాస్టారికి సంతోషమూ సిగ్గూ ఒకేసారి ముంచుకొచ్చాయి. ఆ సాయంత్రం కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని, తప్పు దిద్దడానికి ప్రోగ్రాం తెరిచారు. అప్పుడే ఫోన్లో ప్రిన్సిపాల్ ఉత్తర్వు వచ్చింది: ఇకపై అన్ని పరీక్షలకూ ఇదే ప్రోగ్రాం, ఇందులో ఒక్క అక్షరం కూడా మార్చరాదు.