చర్మవాద్యాల విభాగంలో పైడిరాజు

ఆ యేడు విజయనగరంలో జరిగిన వాద్య, సంగీత విద్యా వాణిజ్య ప్రదర్శనలో కొత్తగా విడుదలైన వాద్యం పేరు పైడిరాజు. మనిషే. చామనఛాయ, కాస్త పొట్ట, చెవుల మీద నెరిసిన వెంట్రుకలు. విడుదలకు ముందు జూట్ మిల్లులో మగ్గం మీద పనిచేసేవాడు. మిల్లు మూతపడ్డాక ఇంట్లోనే ఉంటున్నాడు. ఈ వాద్యాన్ని ఉపయోగించడానికి ప్రత్యేక శిక్షణ అక్కర్లేదనీ, ఎదురుగా కూర్చుని పాడినా, వాయించినా వింటుందనీ కరపత్రంలో స్పష్టంగా ముద్రించారు.

ఇలాంటి వాద్యం అవసరం ఎందుకు పడిందో చెప్పుకోవాలి. అప్పటికే ఊళ్ళో సంగీతం రానివాళ్ళు లేరు. ఊదనక్కర్లేని పిల్లనగ్రోవులు వచ్చేశాయి, శ్రుతి తప్పని వీణలు వచ్చేశాయి, చాపలా చుట్టి చంకలో పెట్టుకునే హార్మోనియాలు వచ్చేశాయి. కడుపులో బిడ్డకు సరళీ స్వరాలు నేర్పే కోర్సులో చేరకపోతే ఆ తల్లిని ఇరుగుపొరుగు జాలిగా చూసే రోజులు. అంతా బాగానే ఉంది గానీ, కొన్నవాళ్ళందరూ ఒకటే ఫిర్యాదుతో తిరిగొచ్చేవారు. వాయిస్తూనే ఉన్నామండీ, ఏదో తక్కువైంది, పెట్టెలో ఏదో భాగం వెయ్యడం మర్చిపోయారేమో చూడండి అని. కంపెనీలవాళ్ళు తీగలు మార్చారు, మెట్లు మార్చారు, ఆఖరికి రంగులు కూడా మార్చారు. చిట్టచివరకు స్వరసేవ అనే కంపెనీ పరిశోధన విభాగం కనిపెట్టింది. తక్కువైన భాగం వినేవాడు. ఊరంతా వాయించేవాళ్ళే అయ్యేసరికి ఆ సరుకు మార్కెట్టులో ఎక్కడా దొరకడం లేదు.

పైడిరాజు వాళ్ళకి దొరకడం కేవలం అదృష్టం. ప్రదర్శన మొదలైన రోజున అతను ఫ్యాన్ల కింద కాసేపు కూర్చోవచ్చని గుడారంలోకి వెళ్ళాడు. స్వరసేవ స్టాల్లో ఒక చిన్నపిల్ల కీబోర్డు వాయిస్తోంది. వాళ్ళమ్మ ఫోనుతో వీడియో తీస్తోంది. వాళ్ళ నాన్న ఆ వీడియో సరిగ్గా వస్తోందో లేదో చూస్తున్నాడు. పైడిరాజు చేతులు వెనక్కి కట్టుకుని ఆ పిల్ల ఎదురుగా నిలబడ్డాడు. పిల్ల తడబడితే ఆగాడు, పుంజుకుంటే తల ఆడించాడు, వరస పూర్తవగానే "ఊ" అన్నాడు. పిల్ల తలెత్తి చూసింది. చెప్పొద్దూ, ఆ మొహం అలా వెలిగిపోవడం కన్నతల్లి కూడా అంతకుముందు చూడలేదు, ఫోనులో తప్ప. ఎవరూ అడగకుండానే ఆ పిల్ల మళ్ళీ మొదటినుంచి వాయించింది.

స్టాల్ మేనేజరు ప్రత్యూష పరుగున వచ్చింది. హైదరాబాదు నుంచి ఈ ప్రదర్శన కోసమే వచ్చిన అమ్మాయి.

"అంకుల్, ఇప్పుడు మీరేం చేశారు?"

"ఏటి సేసేను తల్లీ? ఇన్నానంతే."

"మీరు సంగీతం నేర్చుకున్నారా?"

"నాకేటొచ్చు! మా ఇంటిది పాడతాది. నానింటాను."

అది అక్షరాలా నిజం. మిల్లులో పగలంతా మగ్గాల మోత చెవుల్లో పోసుకుని వచ్చేవాడు. ఇంటికొచ్చేసరికి భార్య వరహాలు బియ్యంలో బెడ్డలు ఏరుతూ ఏదో ఒక పాట తీసేది. ఆ పాట వింటేనే తనకింకా చెవులున్నాయని అతనికి నమ్మకం కలిగేది. గుమ్మంలో కూర్చుని చరణం చరణానికీ ఊ కొట్టేవాడు. ఇంత చిన్న విషయాన్ని పనితనమని ఎవరైనా అంటారని అతను కలలో కూడా అనుకోలేదు. మిల్లులోనూ అతన్ని ఎవరూ పని బాగా చేశావని అన్నది లేదు. అందుకే ప్రత్యూష "మీరు చాలా అరుదైన పీస్ అంకుల్" అనగానే పాపం కరిగిపోయాడు. ఒప్పంద పత్రం మీద సంతోషంగా సంతకం పెట్టాడు.

నమోదు దగ్గర మాత్రం చిన్న చిక్కొచ్చింది. ప్రదర్శన నిబంధనల ప్రకారం ప్రతి వాద్యమూ తీగల విభాగంలోనో, గాలి విభాగంలోనో, చర్మం విభాగంలోనో ఉండాలి. వాద్య కమిటీ పైడిరాజును అటూ ఇటూ తిప్పి చూసింది. తీగలు లేవు. గాలి పీల్చి వదులుతున్నాడు గానీ శబ్దం రావడం లేదు. ఒళ్ళంతా చర్మం ఉంది కనుక చర్మవాద్యాల కింద రాసుకున్నారు. మృదంగానికీ డప్పుకీ మధ్యన కుర్చీ వేశారు. కరపత్రంలో "పాటంటే చెవి కోసుకుంటాడు" అని ఎవరో ఉత్సాహంగా రాస్తే భద్రతా విభాగం ఒప్పుకోలేదు. చెవి ముఖ్యమైన భాగమనీ, దానికి విడిగా స్పేరు దొరకదనీ కొట్టేశారు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, వాద్యం అద్భుతంగా పనిచేసింది. స్టాలు ముందు వరస కట్టిన పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఎదుటి ముక్కాలిపీట మీద కూర్చునేవారు. కుర్చీ పక్కన పచ్చదీపం వెలిగితే పైడిరాజు వినేవాడు, ఎర్రదీపం వెలిగితే ఆగేవాడు. లేచి వెళ్ళే ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళేవారు. వాళ్ళ తల్లిదండ్రులు "మేం మాత్రం వినడం లేదా, అంతా రికార్డు చేస్తున్నాం కదండీ" అని నొచ్చుకుంటూనే వినికిడి సహిత సంగీత విద్యా పథకంలో చేర్పించేవారు. విద్యాశాఖ అధికారి ఒకాయన వచ్చి, క్లాసు మొత్తాన్ని ఒకేసారి వినగలిగే రకం ఉంటే బడులకు తీసుకుంటామన్నాడు. రెండోరోజుకే పక్క స్టాలువాళ్ళు చవకరకం మనిషినొకణ్ణి తెచ్చి కూర్చోబెట్టారు. వాడు పాట మొదలవకముందే తల ఊపేస్తుండడంతో జనం నవ్వి వెళ్ళిపోయారు.

మొదటిరోజు సాయంత్రం పైడిరాజు ఇంటికి వెళ్ళేసరికి వరహాలు చేట ముందు పెట్టుకుని కూర్చుంది. నాట్ల పాటొకటి తీసింది.

"సంపావతి నీరు సల్లగా పారిందీ, గట్టు మీదీ సద్దిమూట ఎవ్వరిదే సెల్లెలా..."

చరణం అయింది. ఊ రాలేదు.

"బావా, ఇనబడ్నేదా?"

"ఇనబడింది."

"మరి ఊ కొట్టవేటి?"

పైడిరాజు నోరు తెరిచాడు. రాలేదు. పాట చెవిదాకా వస్తోంది. వచ్చి, ఇంటికి తాళం చూసి వెనుదిరిగిన చుట్టంలా అటునుంచి అటే వెళ్ళిపోతోంది. వరహాలు చేట పక్కన పెట్టి, అన్నం వడ్డించి, ఇంకో రకంగా చూద్దామనుకుంది. పక్కింటి కోడలు పుట్టింటికి వెళ్ళిపోయిన సంగతి, వెళ్ళేముందు తన దగ్గర కూర్చుని ఏడ్చిన సంగతి, మొదట్నుంచి చివరిదాకా చెప్పింది. పైడిరాజు అంతా అయ్యాక "పులుసు బాగుంది" అన్నాడు.

ఒప్పందంలో ఈ తేడా జాగ్రత్తగానే రాశారు. వినబడటం ఇంటివాళ్ళది, వినడం కంపెనీది. అన్నం పెట్టనా, తలుపు వెయ్యి, గ్యాసుబండ వచ్చింది లాంటివి మామూలుగానే వినబడతాయి, వాటికి అభ్యంతరం లేదు. పాట, కథ, గోడు, కల, మనసులో మాట మాత్రం కంపెనీ కుర్చీలో, పచ్చదీపం కింద. నిజానికి ఇలాంటి మొగుళ్ళు ఊళ్ళో బోలెడుమంది ఉన్నారు, ఏ కంపెనీతోనూ ఒప్పందం లేకుండానే. వాళ్ళ పెళ్ళాలు ఎప్పుడో సర్దుకుపోయారు. వరహాలుకి ఆ అలవాటు లేదు.

"అందరి మొగుళ్ళలాటోడివైతే ఒగ్గీసుందును బావా," అందామె, కళ్ళనీళ్ళు తుడుచుకోకుండానే. "నువ్వింటన్నావనే నాను పాడేను. నువ్వినకపోతే ఈ గొంతులో పాటుండదు. పోద్ది."

అది బెదిరింపు కాదని పైడిరాజుకి తెలుసు. అంత మాత్రం వినబడింది. మర్నాడు పొద్దున్నే ప్రత్యూష ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, మా ఇంటిదానికి రోజుకొక్క పాట ఇడిసిపెట్టండి. మిగతాదంతా మీరే ఉంచుకోండి."

ప్రత్యూష మంచిపిల్ల. మొహం చిన్నబుచ్చుకుంది. "నాకు అర్థమవుతోంది అంకుల్. కానీ బయట ఓపెన్ చేస్తే వారంటీ పోతుంది. ఆంటీని ఇక్కడికే రమ్మనండి. ప్రాథమిక కోర్సులో చేర్చుకుందాం."

"అది సిన్నప్పట్నుంచీ పాడతంది తల్లీ."

"అయినా ప్రాథమికంలోనే చేరాలి అంకుల్. ఎవరికైనా అదే రూలు."

వరహాలు మొదట రానంది. పరాయి చోట, మైకుల మధ్య, సొంత మొగుడి కోసం వరసలో నిలబడడమేమిటని కోప్పడింది. ఆపైన ఇంట్లో ఆ ఊ లేని సాయంత్రం ఇంకొకటి గడిచేసరికి పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. కోర్సు మాస్టారు మెడలో విద్యార్థిని అని రాసిన కార్డు వేసి, ఏ శ్రుతిలో పాడతారమ్మా అని మర్యాదగా అడిగాడు.

"బియ్యం ఏరే శ్రుతిలో బాబూ."

ఆయన అలాగే రాసుకున్నాడు. డ్రమ్ముల పిల్లల వెనకాల, పొట్టి గిటారు పట్టుకున్న ఒక డాక్టరుగారి ముందు ఆమెను నిలబెట్టారు. తన వంతు వచ్చేవరకూ ఆమె పైడిరాజు వైపు చూడనే లేదు. చూడాలంటే సిగ్గేసింది. పెళ్ళిచూపులప్పుడు కూడా అంత సిగ్గు పడలేదామె, అతను మేనత్త కొడుకే కదా.

ముక్కాలిపీట మీద కూర్చుంది. పచ్చదీపం వెలిగింది. పైడిరాజు కళ్ళు ఆమె మీద ఆగాయి. ఆ చూపులో తాను ఉన్నట్టు వరహాలుకి వెంటనే తెలిసిపోయింది, ఎటో వెళ్ళిన మనిషి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నట్టు అనిపించింది. పాట తీసింది. మొదటి చరణం కాగానే పొట్టలోంచి వచ్చింది, ఊ. ఆమె తర్వాతి చరణం ఎత్తుకుంది. గట్టు మీద సద్దిమూట అన్నయ్యది కాదంది పాట, బావది కాదంది, అటు పోయే బాటసారిదీ కాదంది. ప్రతిదానికీ ఊ. ప్రతి ఊ వేరు. ఒకదానిలో అవునా అని ఉంది, ఒకదానిలో మరి అని ఉంది. పైడిరాజు చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. వాద్యం మీద తడి పడకూడదని మాన్యువల్లో ఉంది గానీ ప్రత్యూష చూడనట్టు ఊరుకుంది. ఆమె కూడా ముక్కు తుడుచుకుంటోంది.

సద్దిమూట ఎవరిదో చెప్పే ఆఖరి చరణం ఎత్తుకునేసరికి ఎర్రదీపం వెలిగింది.

పైడిరాజు తల కుడివైపుకి సగం వాలి అక్కడే ఆగిపోయింది. చెంపల మీద నీళ్ళు అలాగే ఉన్నాయి. లోపల మాత్రం ఎవరూ లేరు. వరహాలు గొంతు కూడా సగంలోనే ఆగింది. ఆగకపోతే ఆ చరణం దేనిమీద పడుతుందో ఆమెకి తెలియలేదు. వెనకనుంచి డాక్టరుగారు, "అమ్మా, నా పేషెంట్లు ఎదురు చూస్తున్నారు, కాస్త తొరగా," అన్నాడు. ఆయన రోజంతా ఎవరెవరి బాధో వింటాడు, తన బాధ వినేవాళ్ళు ఆయనకీ లేరు. వరహాలు పీట ఖాళీ చేసి ఇచ్చింది.

"మళ్ళీ ఎప్పుడమ్మా?"

ప్రత్యూష తెర మీద వేలితో పైకీ కిందకీ జరిపి చూసింది. "ఉగాది తర్వాత ప్రదర్శనకే ఆంటీ. ఈలోగా అన్నీ స్కూళ్ళ బుకింగులే. సారీ ఆంటీ. టోకెన్ ఇమ్మంటారా?"

వరహాలు టోకెన్ తీసుకుని కొంగున ముడేసుకుంది.

ఇప్పుడు ఆ ఇంట్లో గొడవలేమీ లేవు. పైడిరాజుకి కంపెనీలో మంచి పేరు, పండగలకి సెలవు. సాయంత్రం వచ్చి గుమ్మంలోనే కూర్చుంటాడు. తనకేదో జరిగిందని అతనికీ తెలుస్తూనే ఉంటుంది. ఒక్కోసారి ఉండబట్టలేక అడుగుతాడు.

"వరాలూ, ఏటైనా సెప్పవే."

"ఏటీ నేదు. అన్నం తిందువు, నెగు."

చెప్పడం దండగని ఆమెకి తెలుసు. అలాగని కోపమూ లేదు. ఆ వీధిలో ఇప్పుడు చాలామంది అంతే, ఎవరి టోకెన్ రోజుకి వాళ్ళు మాటలు దాచుకుంటున్నారు. అత్తాకోడళ్ళు, తండ్రీకొడుకులు ఒకే మంచం మీద కూర్చుని మర్యాదగా టీవీ చూసుకుంటున్నారు. వరహాలు కూడా చెప్పవలసినవన్నీ లోపల వరసగా పేర్చుకుంది. పక్కింటి కోడలు తిరిగొచ్చింది. పెరట్లో బొప్పాయి చెట్టు పడిపోయింది. వారం పదిరోజులుగా మెట్టెక్కితే ఆయాసం వస్తోంది, ఎడమ భుజం నుంచి చిటికెన వేలిదాకా లాగుతోంది, రాత్రి ఒకసారి చెమటలు పట్టి చీర తడిసిపోయింది. కోడలి సంగతీ, చెట్టు సంగతీ ఆఖర్న చెప్పుకోవచ్చు. ఉగాది అయ్యాక, పచ్చదీపం వెలగగానే ముందు ఆ మిగిలిన చరణం పాడుతుంది. టైముంటే భుజం సంగతి చెబుతుంది.