ఖాళీలు నింపిన మంత్రిగారు

ఇకమీదట వెల్డింగ్ చేస్తుండగా ఏ బండి ట్యాంకూ పేలదని రవాణా మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. ట్యాంకులకు ముందుగా నోటీసు ఇచ్చారో లేదో తెలియదు.

నేను ప్రభుత్వ గ్యారేజీలో స్టోర్ కీపర్ని. ఈ మహత్కార్యాన్ని మొదట్నుంచీ చూసిన అదృష్టవంతుణ్ణి.

కిందటి నెల మా గ్యారేజీలో సైలెన్సర్ అతుకుతుంటే పక్కనున్న ఖాళీ పెట్రోలు ట్యాంకు పేలి వెల్డర్ పోయాడు. అతని తమ్ముడూ మా దగ్గర వెల్డరే. నాచేత పైకి ఒక అర్జీ రాయించాడు. "ఖాళీలు చాలా ప్రమాదం. పనికి ముందే ఖాళీలను దింపాలి, లేదా నీళ్లతో నింపాలి. లేకపోతే రేపు నా వంతు."

గ్యారేజీలో ఖాళీ అంటే ఖాళీ ట్యాంకు. సచివాలయంలో ఖాళీ అంటే ఉద్యోగం. సెక్రటరీగారు "దింపాలి"నీ, "నీళ్లతో"నీ రాత పొరపాట్లని కొట్టేసి, మిగిలింది మంత్రిగారికి చూపించారు. మంత్రిగారు చలించిపోయి వారంలోపే ఒక ఖాళీ నింపారు. సేఫ్టీ ఆఫీసరుగా ఆయన బావమరిది వచ్చాడు. అంతవరకూ పరుపుల వ్యాపారి. నిప్పుతో పరిచయం సిగరెట్టు వరకే.

మొదటి కార్యక్రమం భద్రతా ప్రచార వ్యాను. దానికి మైకు స్టాండు అతకాలి. స్టాండు చోటు సరిగ్గా పెట్రోలు ట్యాంకు పక్కన. బావమరిది ట్యాంకును వేలితో కొట్టి చూశాడు. ఖంగుమంది. "ఖాళీ. క్షేమం" అని సంతకం పెట్టాడు.

సోమవారం మంత్రిగారు సెక్రటరీగారితో వచ్చారు. కెమెరాలు వచ్చాయి.

"ట్యాంకు దింపితే గంట పని సార్. దింపనివ్వండి" అన్నాడు వెల్డర్.

"ఖాళీ అని రాసిచ్చారు కదటోయ్! ఖాళీలో పేలడానికి ఏముంటుంది?" అన్నారు సెక్రటరీ.

"పెట్రోలు ఆవిరి ఉంటుంది సార్. మా అన్నకు కూడా ఖాళీ అనే చెప్పారు."

అందరూ కాసేపు విచారంగా నిలబడ్డారు. కెమెరావాళ్లు చాలన్నాక మానేశారు.

"చేస్తావా? ఇంటికెళ్తావా?" అన్నారు సెక్రటరీ.

వెల్డర్ రాడ్డు తీసుకున్నాడు. "చేస్తాను. తమరందరూ నా పక్కనే నిలబడండి. ఫోటో నిండుగా ఉంటుంది."

"శ్రామికుడే ముందుండాలి!" అని మంత్రిగారు గోడ చాటుకు కదిలారు. శ్రామికుడికి గాలి ఆడాలని సెక్రటరీగారు వెనకే నడిచారు.

"బావా, నాకు గేటు దగ్గర చిన్న పని" అని బావమరిది పరుగు తీశాడు.

అంతలో మంత్రిగారు గిర్రున తిరిగొచ్చి వెల్డర్ చెవి దగ్గర వంగారు. రాడ్లు అందిస్తున్నాను కాబట్టి నాకూ వినబడింది.

"ఏమోయ్, ఆ మూలనున్నది నా సొంత కారు. సైలెన్సర్ ఊడింది, రేపు అతుకు. దానికి మాత్రం ట్యాంకు దింపి చెయ్యి."

మళ్లీ గోడ చాటుకు వెళ్లిపోయారు.

వెల్డర్ రాడ్డు కింద పెట్టి, పానా తీసుకుని వ్యాను కిందకు దూరాడు.

"ఏం చేస్తున్నావురా?" గోడ అవతల నుంచి సెక్రటరీ అరిచారు.

"ట్యాంకు దింపమని మంత్రిగారే చెవిలో చెప్పారు సార్! అనుమానమైతే ఇక్కడికొచ్చి నన్నడగండి!"

ఎవరూ రాలేదు. కెమెరాలు తిరుగుతున్నాయి. మంత్రిగారు కాదనలేక చప్పట్లు కొట్టారు.

ట్యాంకు దింపి షెడ్డు బయట పెట్టాం. స్టాండు అతికింది. అందరూ గోడ చాటు నుంచి వచ్చి వ్యాను పక్కన ఫోటో దిగారు. బయటనున్న ట్యాంకు ఫోటోలో పడలేదు.

ఆ సాయంత్రమే అన్ని గ్యారేజీలకూ సర్క్యులర్ వెళ్లింది. "మంత్రివర్యుల సమక్షంలో ప్రయోగపూర్వకంగా రుజువైనందున, ఖాళీ ట్యాంకులను దింపనక్కర్లేదు. సాక్ష్యంగా ఫోటో జతపరచడమైనది."