మాట సాయం చేయరాదు

ఆరోగ్య వివరాలు దాచుకునే యాప్‌ను జనం ఎలా వాడతారో పక్కన కూర్చుని చూసి రాయడం అమ్మాయి ఉద్యోగం. ఆ ఇంట్లో డిగ్రీ చదివింది తనొక్కతే. ఆ ఉదయం తొమ్మిదింటికి ఐదో మనిషితో పరీక్ష జరిపి, సాయంత్రానికి నివేదిక ఇస్తే ఉద్యోగం ఖాయమవుతుంది. లేకపోతే లేదు. ఎనిమిదిన్నరకు ఆ ఐదో మనిషి రావడం కుదరదని కబురు పెట్టాడు.

అమ్మాయి హాల్లో నాలుగు చుట్లు తిరిగి నాన్న ముందు ఆగింది. నాన్న ముప్ఫై రెండేళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి.

"నాన్నా, అరగంట కూర్చుంటావా? నీ ఫోన్లోనే యాప్ పెడతాను."

"కూర్చోవడమేగా. ముప్ఫై రెండేళ్లు అదే పని చేశాను."

ల్యాప్‌టాప్ తెరలోంచి మేనేజరమ్మ చూస్తోంది. నియమం ఒక్కటే. పరీక్ష మొదలయ్యాక మాట సాయం చేయకూడదు, చేస్తే ఆ పరీక్ష చెల్లదు. అడగదగ్గ ప్రశ్నలు రెండే, అవీ కాగితంలో ఉన్నది ఉన్నట్టు. ముందుగా చదివి వినిపించాల్సిన కాగితాల్లో అమ్మాయి కంగారుగా రెండు కలిపి తిప్పేసింది. 'ఈ అంకెలు ఉత్తుత్తివి, మీవి కావు' అన్న వాక్యం ఆ మధ్యలో ఉండిపోయింది.

నాన్న యాప్ తెరిచాడు. బీపీ నూట తొంభై, షుగరు నాలుగు వందల పది. రెండూ ఎర్రగా వెలుగుతున్నాయి.

"ఇవి నావేనా అమ్మలూ?"

తాను ఏం చదవలేదో అమ్మాయికి అప్పుడు గుర్తొచ్చింది. తెరలో మేనేజరమ్మ కళ్లార్పకుండా చూస్తోంది.

"మీకేమనిపిస్తోంది?" అంది అమ్మాయి.

నాన్న మొహం పాలిపోయింది. "పుట్టి బుద్ధెరిగాక నన్నెప్పుడూ 'మీరు' అనలేదు నువ్వు. అంత ముదిరిందా?"

"తర్వాత ఏం చేస్తారు?"

"చేసేదేముంది. మీటరు ముల్లు ఎర్రలోకెళితే బండి పక్కకి తీయాలి."

చొక్కా గుండీలు వదులు చేసుకుని సోఫాలో వెల్లకిలా పడుకున్నాడు. బండి ఆపితే డిపోకి చెప్పాలి కాబట్టి 'కుటుంబంతో పంచుకోండి' అన్న బటన్ కూడా నొక్కాడు. యాప్ ఆయన ఫోన్లో ఉన్న పేర్లన్నిటినీ కుటుంబమే అనుకుని అందరికీ ఆ అంకెలు పంపేసింది.

అమ్మ తడిచేతులతో వంటింట్లోంచి వచ్చింది. "ఏమైందే ఈయనకి?"

అమ్మాయి రాసుకుంది: 'బటన్ సులువుగా దొరికింది.'

"అడిగితే చెప్పదేం? కన్నతండ్రి పడిపోతే లెక్చరు వింటున్నట్టు నోట్సు రాసుకుంటోంది చూడండి."

పది నిమిషాల్లో వీధి చివరుండే మేనత్త బీపీ మిషను సంచిలో వేసుకుని వచ్చేసింది. వెనకే నలుగురు పాత కండక్టర్లు, ఇద్దరు మెకానిక్కులు. ఒక మెకానిక్కు ఏడేళ్ల కిందట అడిగి పట్టుకెళ్లిన నిచ్చెన తిరిగి తెచ్చాడు. దాన్ని చూడగానే నాన్నకి మిగిలిన ఆశ కూడా పోయింది.

"హడావిడి చేయకండి," అన్నాడు నీరసంగా. "అమ్మలూ ఉద్యోగం ఈ పరీక్ష మీదుంది. అది పాడవకూడదనే కదలకుండా పడుకున్నాను."

అమ్మాయి పుస్తకం కింద పడేసింది. "నాన్నా, అవి నీ అంకెలు కావు. ఉత్తుత్తివి. చెప్పడం మర్చిపోయాను."

ఆ ఒక్క మాటతో ఉద్యోగం పోయిందని తనకు తెలుసు. తెలియనిదల్లా, ఆ మాట ఎవరూ నమ్మరని.

"పిచ్చిపిల్ల, తండ్రికి ధైర్యం చెబుతోంది," అని మేనత్త కళ్లొత్తుకుంది.

"అత్తా, సంచిలో మిషను పెట్టుకుని ఏడుస్తావేం?"

మేనత్త నాన్న చేతికి పట్టీ కట్టింది. నూట ఇరవై నాలుగు. మిషన్ని రెండుసార్లు తట్టింది. "ఇది పాడైనట్టుంది. ఏదీ, నీ చెయ్యి ఇలా ఇవ్వవే." అమ్మాయికి కట్టింది. నూట డెబ్బై.

నాన్న లేచి కూర్చున్నాడు. అమ్మాయిని సోఫాలో పడుకోబెట్టి, నేలమీది పుస్తకం తీసుకుని పక్కన కూర్చున్నాడు.

"మీకేమనిపిస్తోంది?" అని అడిగాడు.

ల్యాప్‌టాప్ మొదటిసారి నోరు విప్పింది. "పరీక్ష చెల్లదమ్మా," అంది మేనేజరమ్మ. "కానీ ఉత్తుత్తివని ముందే విన్న మిగతా నలుగురూ ఆ అంకెలు చూసి రంగు బాగుందన్నారు. ఇవి ఎవరివని అడిగింది మీ నాన్నగారొక్కరే. ఎవరివో మనం తెరమీద ఎక్కడా రాయలేదు. ఆ బటన్ సంగతి సరేసరి. ఇదంతా సాయంత్రానికి రాసి పంపు, నీ ఉద్యోగం కాగితం రేపు పంపిస్తాను."

నివేదిక అమ్మాయి చెబుతుంటే నాన్న రాశాడు. 'పరిశోధకురాలి పాత్ర' అన్న గడి మాత్రం అడక్కుండానే నింపాడు: 'పడుకుని గమనించారు.'