రికార్డుకు బయల్దేరిన దర్జీ

నవ్వనంటేనే చెబుతాను. ఆమధ్య నేను మారథాన్‌లో ప్రపంచ రికార్డు కొడదామనుకున్నాను. చూశారా, అప్పుడే నవ్వుతున్నారు!

తప్పంతా గిరజాల బావది. నా కుట్టు దుకాణం పక్కనే వాడి సెలూన్. తలమీద మచ్చుకైనా వెంట్రుక లేదు గనక ఆ పేరు. ఓ పొద్దున పేపరు చదువుతూ, "బావా, మారథాన్‌లో ముసలాళ్లకి వేరే రికార్డులున్నాయట. అరవై దాటితే ఒకటి, డెబ్భై దాటితే ఒకటి, ఎనభై దాటినా ఒకటి! అవీ ఎప్పటికప్పుడు బద్దలైపోతున్నాయట. వెనకటి ముసలాళ్లకంటే ఇప్పటి ముసలాళ్లే జోరుగా ఉన్నారోయ్" అన్నాడు.

నా బుర్రలో బల్బు వెలిగింది. తెల్లారగానే మా ఆవిడ చేతికిచ్చే గుండీల పని తప్పించుకోడానికి ఇంతకంటే పరువైన దారి లేదు.

"ఏమే, రేపట్నుంచి పరుగు ప్రాక్టీసు" అన్నాను.

"ఎవరికి?"

"నాకే. ఇన్నేళ్లు మిషను తొక్కిన కాళ్లివి. తొక్కిందంతా కలిపితే ఈపాటికి భూమిని చుట్టేసి ఉంటాను."

"స్టూలు మీంచి లేవకుండానా?"

మర్నాడు బూట్లు బిగించి వీధి మలుపుదాకా పరిగెత్తాను. అక్కణ్నుంచి వెనక సందులో సెలూన్‌కి. తిప్పుడు కుర్చీలో కాళ్లు చాపుకుని కబుర్లు. రోజూ వచ్చేముందు బావ జుట్టుకి కొట్టే నీళ్లసీసాతో నా చొక్కా తడిపేవాడు. ఇంటి గుమ్మం పట్టుకుని రొప్పేవాణ్ని. మా ఆవిడ జాలిపడి ఫ్యాను వేసేది.

వారం తిరక్కుండానే నా భుజం దగ్గర ముక్కు ఎగబీల్చింది.

"చెమట గులాబీ వాసనొస్తోందేంటండీ?"

"పెద్ద రన్నర్లకి అంతేనే."

"వీపు పొడిగా ఉంది. అది పరిగెత్తలేదా?"

నేను వంగి బూట్ల తాళ్లు విప్పసాగాను.

"రేపు నేనూ వస్తా" అంది.

వచ్చింది. పార్కులో ఒక్క చుట్టు పూర్తికాకముందే నా ఊపిరి అందకుండా పోయింది. బెంచీమీద కూలబడ్డాను. ఆవిడ చుట్టు పూర్తిచేసి, తాపీగా నా పక్కన కూర్చుంది. పరువు దక్కించుకోవాలిగా?

"ఒకప్పుడు నా పరుగు నువ్వు చూడలేదూ?" అన్నాను. "పెళ్లికి ముందు, కుట్టిన బట్టల పొట్లం దుకాణంలోనే మర్చిపోయి బస్సెక్కేశావు. మూడు వీధులు వెంటపడి, కదిలే బస్సు కిటికీలోంచి అందించాను!"

ఆవిడ నవ్వింది. అచ్చం ఆ కిటికీలో నవ్వినట్టే.

"ఆ బస్సు డ్రైవరు మా పెదనాన్న" అంది.

"అయితే?"

"'పెదనాన్నా, కాస్త మెల్లిగా పోనీ, పాపం దర్జీ అబ్బాయి అందుకోలేకపోతున్నాడు' అన్నాను."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"మీరంత గొప్పగా చెప్పుకుంటుంటే ఎలా చెప్పను? అయినా, పొట్లం ఎవరైనా ఊరికే మర్చిపోతారా?"

ఎండ పొడ మొహంమీద పడుతోంది. నా చెవులు వేడెక్కింది మాత్రం దానివల్ల కాదు.

"లేవండి, గుండీలు ఎదురుచూస్తున్నాయి" అని ఆవిడ ముందు నడిచింది. నేను కుంటుకుంటూ వెనక. గేటు దగ్గర వెనక్కి చూసి, ఏమీ ఎరగనట్టు, అడుగు నెమ్మది చేసింది.