పందెంలో మూడో ల్యాప్‌టాప్

ఆ శనివారం ఉదయం ఆ ఇంట్లో ఎవరి పథకం వాళ్ళకుంది. కోడలు తన పదసూచికను పదకొండింటిలోగా ఎడిటరమ్మకు పంపాలి. అత్తగారు టీ తాగి, పాత ల్యాప్‌టాప్‌లో పేక ఆడుకోవాలి. లెక్కల మాస్టారు, అంటే ఆ అత్తగారి కొడుకూ ఆ కోడలి మొగుడూ, తన కొత్త ల్యాప్‌టాప్ బావమరిది కొత్త ల్యాప్‌టాప్ కంటే వేగమైనదని రుజువు చేయాలి. మూడు పథకాల్లోనూ ప్రమాదం లేనిదిగా కనిపించింది ఈ చివరిదే. అందుకే దాన్ని ఎవరూ ఆపలేదు.

పదసూచిక సంగతి ముందు చెప్పాలి. పక్షుల మీద తొమ్మిది వందల పేజీల పుస్తకం ఒకటి అచ్చుకు వెళుతోంది. ఏ పిట్ట ఏ పేజీలో ఉందో వరుసగా చెప్పే జాబితా దాని చివర ఉండాలి. అలాంటివి తయారుచేయడమే కోడలి వృత్తి. తొమ్మిదేళ్ళుగా పరాయి పుస్తకాలకు తోకలు రాస్తోంది గానీ ఒక్క పుస్తకం మీదా ఆమె పేరు పడలేదు. ఎడిటరమ్మతో పరిచయమంతా ఫోన్లోనే. ఈసారి ఆవిడ మాటిచ్చింది: "వెనక అట్ట మీద మీ పేరు, ఫొటో వేస్తామమ్మా. మంచి ఫొటో ఒకటి పంపండి." పేరు పడుతుందన్న ఆనందంలో కోడలు ఏడు నెలలు తల ఎత్తకుండా పనిచేసింది. ఫొటో మాత్రం పంపలేదు. ఫొటోల్లో తన మొహం తనకే నచ్చదు.

జాబితా నిన్న సాయంత్రానికే పూర్తయింది. మరొక్కసారి చూసి పంపుదామని పొద్దున్నే కూర్చునేసరికి కళ్ళజోడు మర ఊడి, ఒక కాడ చేతికొచ్చింది. కళ్ళజోడు లేకపోతే ఆమెకు కాకికీ కొంగకూ తేడా తెలియదు.

"వీధి చివర షాపులో మర వేయించుకుని అరగంటలో వచ్చేస్తానండీ. ల్యాప్‌టాప్ మీద టీ ఒలకబోయకండి, అది చాలు."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?" అన్నాడు మాస్టారు.

నిజమే, ఆ ఉదయం ఆ ఇంట్లో జరగనిది ఏదైనా ఉందంటే టీ ఒలకడం ఒక్కటే.

ఆమె అటు వెళ్ళగానే బావమరిది ఇటు దిగాడు. అతను కోడలికి తమ్ముడు, ఫొటోగ్రాఫరు. పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ తీసి తీసి, ఎవరు ఏం మాట్లాడినా వాళ్ళ మొహం మీద వెలుగు ఎటు పడుతోందో చూస్తూ వింటాడు. చంకలో నల్లటి ల్యాప్‌టాప్, మెడలో కెమెరా. కోడలు కూడా పనిచేసుకునే మాస్టారి బూడిదరంగు ల్యాప్‌టాప్ అప్పటికే భోజనాల బల్ల మీద సిద్ధంగా ఉంది. పక్కన గ్రాఫు కాగితం, స్కూల్లో పరుగు పందేలకు వాడే స్టాప్‌వాచీ.

"చూడు బావమరిదీ, ఇది మన గొడవ కాదు. స్టాఫ్ రూముకి ఏది కొనాలో చెప్పమని మా హెడ్మాస్టరు అడిగాడు. రోజువారీ పనుల్లో ఏది చురుకో తేల్చాలి. ఐదు పరీక్షలు. తెరుచుకోవడం, బరువైన ఫైళ్ళు చూపించడం, ఉత్తరం పంపడం, ఫైళ్ళు వెతకడం, చెత్త ఊడ్చెయ్యడం."

"ఆరు పెట్టు బావా. ఓడినవాడు ఏడవడం ఆరోది."

గోడవార కూర్చున్న అత్తగారు ఈ మాటలన్నీ విని, "నాదీ పెట్టండర్రా," అంది.

ఇద్దరూ పకపకా నవ్వారు. అత్తగారి ల్యాప్‌టాప్‌కు పదకొండేళ్ళు. బ్యాటరీ ఏనాడో చచ్చిపోయింది, గోడకు తగిలించి ఉంచితేనే ఊపిరి. ఏదన్నా పని చెబితే లోపల ఫ్యాను పిండిమరలా మోగుతుంది. మాస్టారు ఏటా దాన్ని పారేద్దామంటాడు. అత్తగారు ఏటా వద్దంటుంది. ఆవిడకు దానితో గొడవ ఒక్కటే: ఆట మధ్యలో తెర మీద ఏవో పెట్టెలు ప్రత్యక్షమై "ఇది చెయ్యమంటారా, అది తియ్యమంటారా" అని అడుగుతుంటాయి. ఆవిడ చదవదు. ప్రతి పెట్టెలోనూ "తర్వాత" అనే మీట ఉంటుందని కనిపెట్టింది. దాన్నే నొక్కుతుంది. ఎన్నేళ్ళుగానో అదే జవాబు.

"సరే అత్తయ్యా, మీదీ లెక్కే," అని ఫొటోగ్రాఫరు మూడింటినీ ఒకేసారి నొక్కించాడు. నల్లది పదకొండు సెకన్లలో తెరుచుకుంది. బూడిదది పద్నాలుగులో. మాస్టారు మొహం మాడ్చుకుని గ్రాఫు మీద చుక్క పెట్టాడు. మూడోదానిలో ఫ్యాను మోగడం మొదలైంది.

రెండో పరీక్షకు బరువైన ఫైళ్ళు కావాలి. ఆ ఇంట్లో ‘ఇంటి సంచి’ అని ఒకటుంది. ఇంటర్నెట్‌లో అందరికీ కలిపి ఒకే సంచి. ఒకరు అందులో వేసింది అందరి ల్యాప్‌టాప్‌లలోకీ వచ్చేస్తుంది, ఒకరు తీసేస్తే అందరివాటిలోంచీ పోతుంది. ‘ఆ కాగితం ఎక్కడ పెట్టావు’ అని రోజుకు పదిసార్లు అడిగించుకోలేక కోడలే పెట్టిన ఏర్పాటు అది. తమ్ముణ్ణి కూడా అందులో చేర్చింది. సంచిలో అన్నిటికంటే బరువైనది ‘పక్షులు’, అంటే ఆ పుస్తకం పేజీలూ కోడలి సూచికా ఉన్న ఫోల్డరు.

నకలు తీసుకుని దానితో ఆడుకోవాలన్నది ఇద్దరికీ తెలుసు. బావ లెక్కల మనిషి, తీసే ఉంటాడని ఫొటోగ్రాఫరు అనుకున్నాడు. బావమరిదికి రోజూ ఇదే పని, తీసే ఉంటాడని మాస్టారు అనుకున్నాడు. అడిగితే చిన్నతనమని ఇద్దరూ ఊరుకున్నారు.

పక్షులు చూపించడంలో బూడిదది గెలిచింది. స్కోరు ఒకటి, ఒకటి. ఇక మూడో పరీక్ష, ఉత్తరం. దానికి బరువైన ఫొటో కావాలని, పేక కోసం ఎదురుచూస్తూ తెరను మింగేసేలా చూస్తున్న అత్తగారిని ఫొటోగ్రాఫరు టక్కున ఒకటి తీశాడు. కళ్ళజోడు ముక్కు కొసకు జారి, నుదురు ముడిపడి, పెదవులు బిగిసి ఉన్నాయి. ఇద్దరూ ఒకే ఉత్తరాల పెట్టెలోంచి పంపితేనే న్యాయం కాబట్టి కోడలి పెట్టె వాడారు. దాని పాస్‌వర్డు ఫ్రిజ్ తలుపు మీద అంటించే ఉంటుంది. పైన మొదట ఏ చిరునామా కనిపిస్తే దానికి పంపారు. సగటు కట్టాలన్నాడు మాస్టారు. తలా తొమ్మిదిసార్లు పంపారు.

ఇద్దరూ సమానం. నాలుగో పరీక్షలోనూ సమానమే. ఐదోది చెత్త ఊడ్చడం. మాస్టారు ‘పక్షులు’ మీద వేలు పెట్టి నొక్కాడు.

"చెత్తబుట్ట కూడా ఖాళీ చెయ్యాలి బావా, లేకపోతే లెక్కలోకి రాదు."

"ఎందుకు చెయ్యను? ఇదిగో!"

మూడు సెకన్లు. మాస్టారు లేచి చేతులు పైకెత్తాడు. ఏడు నెలల పని మూడు సెకన్లలో పోయింది. ఇంటర్నెట్‌లోదీ పోయింది, నల్లదాన్లోదీ పోయింది. నల్లదాన్లో తన వంతుకు ఊడ్చడానికి ఏమీ మిగల్లేదేమిటా అని ఫొటోగ్రాఫరు ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే మూడో ల్యాప్‌టాప్ తెరుచుకుంది.

*

అక్కడ కళ్ళద్దాల షాపులో కోడలి ఫోను మోగింది.

"అమ్మా, మీ ఫొటో అందింది," అంది ఎడిటరమ్మ. "పద్దెనిమిదిసార్లు అందింది. నా పెట్టె నిండిపోయింది, తీసేద్దామంటే కంప్యూటరు బిగుసుకుపోయింది. సూచిక ఇక ఉత్తరంలో రాదు, పెన్‌డ్రైవ్‌లో పంపించండి. పదకొండు దాటితే సూచిక లేకుండానే అచ్చుకి పంపేస్తారట, నా చేతుల్లో లేదు. ఫొటో మాత్రం అద్భుతం. మీ దీక్ష అంతా ఆ మొహంలోనే ఉంది!"

కోడలు పొంగిపోయింది. తను పంపలేదు కాబట్టి తమ్ముడే పంపి ఉంటాడు. అక్కకు తెలియకుండా ఎప్పుడో అందంగా ఫొటో తీసి, పోతుందేమోనని పద్దెనిమిదిసార్లు పంపాడు! ఎంత ప్రేమ! బిగించిన కళ్ళజోడు పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ ఇంటికొచ్చింది.

"ఒరేయ్, ఫొటో పంపావటగా. నీ మేలు మర్చిపోలేనురా!"

తమ్ముడికి ముక్క అర్థం కాలేదు. కానీ కాళ్ళ దగ్గరికొచ్చిన కృతజ్ఞతను తోసెయ్యడం మర్యాద కాదు. "దానిదేముందక్కా," అన్నాడు.

ఆమె బూడిదరంగు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. సంచి తెరిచింది. మూసి మళ్ళీ తెరిచింది.

"ఏమండీ, నా పక్షులేవీ?"

మాస్టారు బావమరిది వైపు చూశాడు. "నువ్వు నకలు తీశావుగా?"

"నువ్వు తియ్యలేదూ?"

మాస్టారి చేతిలో స్టాప్‌వాచీ ఒక్కటే నడుస్తోంది. కోడలు దాన్ని మెల్లగా తీసుకుని బల్ల మీద బోర్లా పెట్టింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది మాస్టారికి. ఆమె తిట్టలేదు. "తొమ్మిదేళ్ళండీ," అంది. అంతే. మాస్టారికి పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎన్నడూ అంత సిగ్గు వెయ్యలేదు.

అప్పుడు గోడవార నుంచి అత్తగారు విసుక్కుంది. "ఇది చూడు అమ్మాయ్, తెరుచుకున్న దగ్గర్నించీ ఐదు నిమిషాలకోసారి అదే పెట్టె! ఆడనివ్వదే!"

కోడలు కళ్ళు తుడుచుకుని తొంగి చూసింది. పేకముక్కల మీద చిన్న పెట్టె తేలుతోంది: ‘సంచిలోంచి మూడు వందల ఫైళ్ళు తీసేశారు. ఇక్కడ కూడా తీసెయ్యమంటారా?’ కింద రెండు మీటలు. అవును. తర్వాత. అత్తగారి వేలు పైన గాల్లో ఆడుతోంది.

"అత్తయ్యా! ముట్టుకోకండి!"

"రోజూ నొక్కేదేగా," అంటూ అత్తగారు నొక్కేసింది.

ముగ్గురి పై ప్రాణాలు పైనే పోయాయి. పెట్టె మాయమైంది. వెనక పేకముక్కలు, వాటి పక్కన నిక్షేపంగా ‘పక్షులు’. ఆవిడ నొక్కింది ‘తర్వాతే’.

"ఏమండీ, ఇంటర్నెట్ తీగ పీకండి! మళ్ళీ అడిగేలోపు!"

మాస్టారు పరుగెత్తి ముందు ఫ్రిజ్ తీగ పీకాడు. తర్వాత టేబుల్ ఫ్యాను ఆగింది. మూడో తీగ పట్టుకునేసరికి, "అది అత్తయ్య ల్యాప్‌టాప్‌ది, వదులు బావా, వదులు!" అని ఫొటోగ్రాఫరు వెనక నుంచి అమాంతం వాటేసుకున్నాడు. నాలుగోది ఇంటర్నెట్‌ది.

పది గంటల ఇరవై. కోడలు పెన్‌డ్రైవ్ గుచ్చి ఒకే ఒక్క ఫైలు లాగింది. పిండిమర మోగడం మొదలైంది. కొత్తవాటిలో రెప్పపాటులో అయ్యే పని. ఇక్కడ తెర మీద పచ్చగీత బియ్యపుగింజంత జరిగి, ఆగి, ఆలోచించి, మళ్ళీ జరిగింది. ఇంతసేపూ వేగం వేగమని గంతులేసిన ఇద్దరు మగాళ్ళూ ఆ గీత ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. టేబుల్ ఫ్యాను ఆగిపోయింది కాబట్టి మాస్టారు గ్రాఫు కాగితంతో ల్యాప్‌టాప్‌కు విసిరాడు. పదీ నలభైకి గీత నిండింది. ఫొటోగ్రాఫరు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బండెక్కాడు. పదకొండుకు నాలుగు నిమిషాలుందనగా ఫోన్ చేశాడు: "ఇచ్చేశానక్కా!"

కోడలు అత్తగారి పక్కన కూలబడి, ఆవిడ చెయ్యి పట్టుకుని రెండు కళ్ళకూ అద్దుకుంది. "మీరు లేకపోతే ఈ రోజు నేను ఏమైపోయేదాన్నో అత్తయ్యా."

"నేనేం చేశానమ్మాయ్? ఆడుకుంటున్నాను," అంది ఆవిడ. మాస్టారు మెత్తటి గుడ్డ తెచ్చి, పాత ల్యాప్‌టాప్ మీద పదకొండేళ్ళ దుమ్మును మూలమూలా తుడిచాడు. దాన్ని పారేద్దామన్న మాట ఆ ఇంట్లో మళ్ళీ వినపడలేదు.

మూడు వారాలకు పుస్తకం వచ్చింది. కోడలు వెనక అట్ట తిప్పింది. తన పేరు, నల్లటి అక్షరాల్లో, పూర్తిగా ఉంది. దాని పైన ముక్కు కొసన కళ్ళజోడుతో, బిగించిన పెదవులతో అత్తగారు ఉంది. కింద చిన్న అక్షరాల్లో, ‘ఏడు నెలల ఏకాగ్రత’.

ఫొటోగ్రాఫరు మెల్లగా గుమ్మం వైపు జరిగాడు. కానీ కోడలు నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. విషయం తెలిసిన ఎడిటరమ్మ నొచ్చుకుని ఫోన్ చేస్తే, "పర్లేదమ్మా, పేరు నాదే, పుస్తకాన్ని కాపాడింది ఆవిడ. ఇద్దరం ఉండాల్సినవాళ్ళమే," అంది. అయినా రెండో ముద్రణకు అసలు ఫొటో పంపమని ఎడిటరమ్మ పట్టుబట్టింది.

కోడలు గోడవారకు వెళ్ళి అడిగింది. "మీ ఫొటో తీసేసి నాది వేస్తారట అత్తయ్యా. పంపమంటారా?"

పేకముక్కల మీంచి తల ఎత్తకుండానే అత్తగారు అంది, "తర్వాత."