తొమ్మిదో నిబంధన

గురువారం ఉదయం వినీల వేసుకున్న ప్రణాళికలో తప్పేమీ లేదు. తొమ్మిదింటికి కృత్తివెన్నులో రొయ్యల కంపెనీ వ్యాను ఎక్కాలి. పదింటికి మచిలీపట్నం చేరాలి. పదకొండున్నరలోగా గదిలోంచి బయటపడి, అక్కడే భోంచేసి, రెండింటికల్లా వెనక్కి రావాలి. రెండింటికి చెరువులకు మేత బయల్దేరుతుంది. మేత గోడౌను తాళంచెవి స్టోర్సు ఆనందరావు గారి మొలకు ఉంటుంది. ఆయన కూడా వ్యానులోనే ఉన్నారు.

ఉద్యోగులందరినీ జట్లుగా ఏదైనా వినోదానికి పంపాలని విజయవాడ హెడ్డాఫీసు నిర్ణయించింది. సిబ్బంది మంచిచెడ్డలు చూసే వినీల, మచిలీపట్నంలో యాసిన్ నడిపే ‘తాళం గది’ పేరు చెప్పింది. అక్కడ మనుషుల్ని లోపల పెట్టి తలుపు బిగిస్తారు. గదిలో దాచిన ఆనవాళ్లు పట్టుకుని, గంటలో తాళాలు విప్పుకుని బయటికి రావాలి. ముందు నలుగురు ఆడి చూసి, ఫారం నింపి పంపమని జవాబు వచ్చింది. మూడో మనిషి ల్యాబులో పనిచేసే శ్యాంబాబు. ఇలాంటి ఆటల వీడియోలు నలభై చూశానన్నాడు. నాలుగో మనిషి దొరకక, ఆఫీసులో టీ పెట్టి గదులు ఊడ్చే మార్తమ్మను ఎక్కించుకున్నారు.

యాసిన్‌కు ఆ ఫారమే ఆఖరి ఆశ. తాళం గది నిజానికి అతని తల్లి వహీదా ముందుగది. ఆరు నెలలుగా ఆమె కుట్టుమిషను వరండాలో వానజల్లుకు తడుస్తోంది. వచ్చిన జట్లు మాత్రం మూడే.

“రేపు సాయంత్రం దాకా చూస్తానురా. ఆ తర్వాత నా మిషను నా గదిలోకి వచ్చేస్తుంది,” అని ఆమె ఆ ఉదయమే కొడుక్కి చెప్పేసింది.

గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఫోన్లు బుట్టలో పెట్టి, నిబంధనల కాగితం కింద ముగ్గురూ సంతకాలు చేశారు. మార్తమ్మ చేయలేదు.

“ఏముందో చదువుకుని పెడతానండి.”

“అన్నిచోట్లా ఉండేదే మార్తమ్మా. అది చదివి ఎవరూ పెట్టరు,” అన్నాడు శ్యాంబాబు.

మార్తమ్మ వేలిముద్ర వేసిన చివరి కాగితం ఆమె భర్త పోయిన ఏడాదిది. పడవలో ఆయన వాటా ఎటు పోయిందో ఆ కాగితంలో ఉందట. ఆ తర్వాత ఆమె యాభై ఆరేళ్ల వయసులో అక్షరాలు నేర్చుకుంది. అప్పటినుంచి చదవని కాగితం మీద చెయ్యి పెట్టలేదు.

“లోపల గోడకీ అదే అంటించాను పిన్నీ. అక్కడ తీరిగ్గా చదువుకోండి,” అన్నాడు యాసిన్.

లోపలికి వెళ్లేముందు వినీల అతన్ని పక్కకు పిలిచింది. “చూడు యాసిన్, ఇది పరీక్ష. మేం ఎంత అరిచినా నువ్వు పలకొద్దు. సాయం చేశావంటే ఫారంలో రాయాల్సి వస్తుంది.”

“అల్లా మీద ఒట్టు మేడమ్, పలకను.”

తలుపు మూసుకుంది. లోపల వందేళ్ల కిందటి రేవు గుమాస్తా గది. గూట్లో నాలుగు ఇత్తడి గ్లాసులు, బల్ల మీద దుమ్ము, మూలల్లో సాలెగూళ్లు, మధ్యలో తాళం వేసిన చెక్కపెట్టె. ఆ పెట్టెలోని మీట నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. సాలెగూళ్లు యాసిన్ వారం రోజులు కష్టపడి దూదితో అల్లినవి.

మార్తమ్మ గోడ దగ్గర నిలబడి మొదలుపెట్టింది. “ఒకటి. గ-ది-లో-ని... వస్తువులు...”

“మార్తమ్మా, అదెందుకిప్పుడు? ఏదో ఒకటి వెతుకు,” అంది వినీల.

మార్తమ్మ వెతకడానికి చుట్టూ చూసింది. ఇంత దుమ్ములో ఏం కనిపిస్తుందనిపించింది. మూలన కనిపించిన పాతగుడ్డ తీసుకుని మంచినీళ్ల సీసా నీళ్లతో తడిపింది. సాలెగూళ్లు దులిపింది. బల్ల మీద దుమ్ములో వేలితో రాసిన నాలుగంకెలు ఒక్క తుడుపులో పోయాయి. రెండు బోర్లా, రెండు వెల్లకిలా ఉన్న గ్లాసులు తుడిచి, నాలుగూ బోర్లించింది. తడిగుడ్డ ఆరడానికి తలుపుకున్న ఇనుప కడియానికి తగిలించింది.

ఈలోగా ఆనందరావు గారికి సొరుగులో ఒకటి, చాప కింద ఒకటి, గడియారం వెనక ఒకటి తాళంచెవులు దొరికాయి. ముప్ఫై ఏళ్లుగా స్టోర్సులో ఆయనకొక పద్ధతి ఉంది. విడిగా దొరికిన ఏ తాళంచెవైనా వెంటనే గుత్తిలోకి ఎక్కాలి. ఎక్కించారు. గుత్తిలో అప్పటికే స్టోర్సువి పద్నాలుగున్నాయి.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. లైను పని, రెండింటిదాకా రాదు. గదిలో ఒక చిన్న బ్యాటరీ దీపం వెలిగింది. యాసిన్ చూసే కెమెరా ఆగిపోయింది.

బయట యాసిన్ కంగారుపడలేదు. ఆ తలుపు తాళం కరెంటుతో పనిచేసేది. కరెంటు పోతే దానంతటదే ఊడిపోతుంది. ఇక వచ్చేస్తారని కుర్చీ వేసుకు కూర్చున్నాడు. పది నిమిషాలైంది. ఇరవై అయింది. ఎవరూ రాలేదు.

“అమ్మీ, చూశావా? తాళం ఊడిపోయినా బయటికి రావట్లేదు! ఆట అంత నచ్చింది!”

లోపల శ్యాంబాబు బల్ల వంక చూస్తూ నిలబడ్డాడు. “ఇక్కడ అంకెలుండాలే. నలభై వీడియోల్లోనూ దుమ్ములో అంకెలుంటాయి. ఎవరు తుడిచారు?”

“నేనే బాబూ. ఎంత మురికిగా ఉందో! ఎలా ఉంటారో మనుషులు,” అంది మార్తమ్మ.

“మరి పెట్టె తాళంచెవి ఏది?”

ఆనందరావు గారు గుత్తి చూపించారు. “ఇందులో ఉంది. ఏదో తెలీదు గానీ భద్రంగా ఉంది.”

పదిహేడు చెవులు వరసగా పెట్టి చూశారు. పదకొండోది లోపలికి దిగి, తిరగలేదు. ఆనందరావు గారు కొంచెం బలం చేశారు. సగం ఆయన చేతిలోకి వచ్చింది.

ఆయన దాన్ని దీపం దగ్గర పెట్టి చాలాసేపు చూశారు. “వినీలా, ఇది మేత గోడౌనుదమ్మా.”

“రెండింటికి మేత వెళ్లాలండీ!”

“అందుకే చెప్తున్నాను.”

మార్తమ్మ మళ్లీ గోడ దగ్గరికి వెళ్లింది. మధ్యలో ఆగిన చదువు తిరిగి మొదటినుంచే చదవడం ఆమెకు అలవాటు. “ఒకటి. గదిలోని వస్తువులు... జాగ్రత్తగా...” ఐదో నిబంధన దగ్గర శ్యాంబాబు తలుపును భుజంతో గుద్దాడు. చదువు ఆగింది. తలుపు మాత్రం కదల్లేదు. శ్యాంబాబు భుజం పట్టుకుని కూర్చున్నాడు. మార్తమ్మ అతని భుజం రాసి, వెనక్కి వెళ్లి ఒకటి నుంచి మొదలుపెట్టింది.

“యాసిన్! తలుపు తియ్యి!” వినీల రెండు చేతులతో బాదింది. “ఆట వద్దు, ఏమీ వద్దు, తియ్యి!”

వరండాలో వహీదా గరిటె పట్టుకుని నిలబడింది. “ఏరా, ఆ పిల్ల గొంతు ఏడుస్తున్నట్టు లేదూ?”

“పరీక్ష అమ్మీ. పలకొద్దని ఒట్టు వేయించుకుంది. తలుపు తీసే ఉందిగా, రావాలనుకుంటే రారూ?”

పన్నెండున్నర అయింది. లోపల అందరూ అరిచి అలిసిపోయారు. ఆనందరావు గారు విరిగిన చెవిని జేబురుమాలులో చుట్టుకుని ఒళ్లో పెట్టుకున్నారు. వినీల నేలమీద కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. ఆ నిశ్శబ్దంలో మార్తమ్మ చదువుకు మొదటిసారి అడ్డు లేకుండా పోయింది.

“ఎనిమిది. గోడలకు మే-కు-లు కొట్టరాదు. తొమ్మిది. కరెంటు పోతే... తలుపు తాళం... దానంతటదే ఊడును. కంగారు పడక... కడియం పట్టుకుని... లోపలికి లాగండి.”

ఆమె తలుపు వైపు తిరిగింది. “గుడ్డ ఆరేశానే, ఆ కడియమేనాండీ?”

మార్తమ్మ గుడ్డ తీసి, మడిచి, కడియం లాగింది. తలుపు చప్పుడైనా లేకుండా తెరుచుకుంది. ఎదురుగా కుర్చీలో కూర్చున్న యాసిన్ లేచి చప్పట్లు కొట్టాడు.

“గంటలో అవ్వాల్సిన ఆట రెండు గంటలు ఆడారు మేడమ్! ఇంతవరకు ఎవరూ ఇలా ఆడలేదు!”

మార్తమ్మ ముందుగా నిబంధనల కాగితం మీద సంతకం చేసింది. తర్వాత ఫారం ముందుకొచ్చింది.

నిజం రాస్తే తీసి ఉన్న తలుపు వెనక రెండు గంటలు ఏడ్చామని రాయాలి. గోడౌను చెవి ఎక్కడ విరిగిందో రాయాలి. నలభై వీడియోల సంగతీ రాయాలి. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకుని, అన్నింటికీ పదికి పది వేశారు. ఆనందరావు గారి చేతిరాత అంత చిన్నగా ఎప్పుడూ లేదు.

మార్తమ్మ ఫారం మొదటినుంచి చదివింది. ఈలోగా వహీదా వడ్డించిన బిర్యానీ చల్లారింది. ‘భద్రతపై మీ అభిప్రాయం’ అన్నచోట ఆగి, అక్షరం అక్షరం దిద్ది, ‘తలుపు తీసే ఉంది’ అని రాసి సంతకం చేసింది.

“అది కొట్టెయ్ మార్తమ్మా,” అంది వినీల గొంతు తగ్గించి.

“కొట్టివేతలు చెల్లవని కింద రాశారుగా అమ్మా. చదవలేదా?”

ఆ మధ్యాహ్నం ఆనందరావు గారు తన గోడౌను తాళం తానే పగలగొట్టారు. రొయ్యలు రెండు గంటలు ఆలస్యంగా తిన్నాయి.

శుక్రవారం సాయంత్రం, వహీదా మిషనును గడప దాకా జరిపిన తర్వాత, హెడ్డాఫీసు ఉత్తరం ఫోనులో వచ్చింది. వేరే ఊళ్లలో చూసిన గదులన్నీ భద్రత దగ్గరే ఆగిపోయాయట. ఎమర్జెన్సీలో తలుపు తెరిచే ఉంటుందని ఉద్యోగి స్వయంగా ధ్రువీకరించిన గది ఇదొక్కటేనట. ఉద్యోగులందరినీ నెలకు నాలుగు జట్ల చొప్పున పంపుతామన్నారు. యాసిన్ మిషనును తిరిగి వరండాలోకి జరిపి, ఆ రాత్రే దానిమీద రేకుల పందిరి వేయిస్తానని తల్లికి మాటిచ్చాడు.

ఉత్తరం చివర షరతు ఒక్కటే ఉంది: ప్రతి జట్టులోనూ చదవడం వచ్చిన మనిషి ఒకరు ఉండాలి.